రామగిరి గనులకు పెళ్ళిచీర మోసిన బండి

పోయిన వారం మా ఇంట్లో పెళ్ళిపనుల పంపకం జరిగింది. పెళ్ళి మా మనవరాలిది. బెంగుళూరులో ఉద్యోగం చేసే పిల్ల, పెళ్ళి మాత్రం హిందూపురంలో మా ఇంటి ముందర పందిరి వేసే చేయాలని పట్టుబట్టింది. మా కొడుకు సోఫాలో కూర్చొని సెల్‌ఫోన్‌లో చూసుకుంటూ, వంటవాళ్ళ దగ్గరికి ఎవరు పోవాలి, ఫోటోలవాళ్ళకు ఎవరు చెప్పాలి, లేపాక్షి నుంచి వచ్చే బంధువులకు ఆటోలు ఎవరు మాట్లాడాలి అని ఒక్కొక్కటే తేల్చేశాడు. ధర్మవరం పోయి పెళ్ళిచీర తెచ్చే మాట వచ్చేసరికి, అది నా పనే కదా అని నేను కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటున్నాను. ఆ చీర నేసింది నా తమ్ముడు, రంగులు ఎంచింది నేను, ఆ మగ్గం మా నాయనది. వాడు తల ఎత్తకుండానే, "చీరకి మేము కారులో పోయొస్తాంలేమ్మా, ఈ ఎండలో నువ్వు యాడికొస్తావు" అన్నాడు. ఎండ మాటే కాబోలు అనుకున్నాను. అప్పుడు మా కోడలు, చెడ్డపిల్ల కాదు పాపం, నా పక్కన చేరి గొంతు తగ్గించి, "అత్తా, నువ్వేమనుకోవద్దు. చీర ఇంటికొచ్చినాక ముత్తైదువలు తట్టలో సర్దేదాకా నువ్వు కొంచెం పక్కకుండు. మగపెండ్లివాళ్ళు పట్టింపు మనుషులు" అంది.

అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు కాదన్నారు. నేను ఒక్కమాట కూడా ఎదురు చెప్పలేదు, వాళ్ళు నేను ఒప్పుకున్నాననుకొని సంతోషంగా భోజనానికి లేచారు. మర్నాడు పొద్దున కోడలు పాలు కాచుకుంటుండగానే నేను తలకు హెల్మెట్ తగిలించుకొని, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకొని, మోటార్ సైకిలు రోడ్డు మీదికి తీశాను. అవును, మోటార్ సైకిలే. ఈ కాలం ఆడపిల్లలు తోలే బుల్లి స్కూటరు కాదు. అరవై దాటి చాలా కాలమైన ముసలిదానికి ఇదేం పిచ్చి అని మీలో ఎవరికైనా అనిపిస్తే, అనిపించనివ్వండి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా అత్త నన్ను తిట్టని రోజు లేదు, ఆ తిట్టు తింటూనే నేను ఈ దారిలో బతుకంతా తిరిగాను.

హిందూపురం దాటి సోమందేపల్లి వైపు బండి సాగేసరికి నా కోపం కొంచెం చల్లబడింది. చల్లబడడమంటే పోవడం కాదు, మా ఆయన గుర్తుకు వచ్చాడంతే. ఆయన పట్టుచీరల వ్యాపారి. వ్యాపారి అంటే పెద్ద అంగడి, దిండ్లు, ఫ్యాను అనుకోకండి. పాలవాళ్ళు డబ్బాలు కట్టుకొని తిరిగే రకం మోటార్ సైకిలు ఒకటి కొని, ధర్మవరంలో మా నాయన మగ్గం మీద నేసిన చీరలు, మా బంధువుల మగ్గాల చీరలు మూటగట్టి, పెనుకొండ పక్క పల్లెలకూ, రామగిరి కొండల అవతల బంగారు గనుల కాలనీకీ తీసుకుపోయి అమ్మేవాడు. గనుల్లో పనిచేసే వాళ్ళ ఇళ్ళల్లో జీతం నెలనెలా వస్తుంది, వానలను నమ్ముకున్న సేద్యగాళ్ళ ఇళ్ళల్లో రాదు. కాబట్టి ఆ కాలనీయే మాకు అన్నం పెట్టింది. నేను వెనక కూర్చొని మూట పట్టుకునేదాన్ని, ఆడవాళ్ళ దగ్గర చీర విప్పి చూపించడానికి ఆడమనిషి ఉంటే మేలని ఆయన అభిప్రాయం.

అసలు సంగతి వేరే ఉంది. ఆయనకు రేచీకటి. పొద్దు వాలితే దారి కనిపించదు. ఆ మాట బయటపడితే వ్యాపారం దెబ్బతింటుందని ఎవరికీ చెప్పకుండా, కొత్తచెరువు పక్కన మా బంధువుల చేనిలో నాకు బండి తోలడం నేర్పాడు. శనగచేని గెనిమ గట్ల మీద ఎన్ని సార్లు పడ్డానో, మోకాళ్ళకు ఎన్ని మచ్చలో! ఆపైన ప్రతి సాయంత్రం గనుల నుంచి తిరిగి వచ్చేటప్పుడు నేను ముందు కూర్చొని తోలేదాన్ని, ఆయన వెనక కూర్చొని కబుర్లు చెప్పేవాడు. హిందూపురం పొలిమేర రాగానే బండి ఆపించి, వీధి దీపాలు ఉన్నాయి కదా ఇక నేను నెట్టుకొస్తానులే అని ముందుకు మారిపోయేవాడు. మొగుడికి కళ్ళయి బండి తోలిన ఆడదాన్ని మా వీధిలో ఎవరూ చూడలేదు. ఆ కబుర్లేమిటో ఇప్పుడు ఒక్కటీ సరిగ్గా గుర్తులేదు, ఆ గొంతు మాత్రం ఇప్పటికీ వెనక నుంచి వినబడుతున్నట్టే ఉంటుంది.

పచ్చకామెర్లతో ఆయన పోయినప్పుడు నాకింకా పాతికేళ్ళు నిండలేదు, కొడుకు చంకలో ఉన్నాడు. బొట్టు తీశారు, గాజులు తీశారు, బండి తాళం మాత్రం నేను ఇవ్వలేదు. ఎవరెవరో వచ్చి బండి చుట్టూ తిరిగి చూసి, చక్రాలు తన్ని, మా అత్తతో బేరం మాట్లాడుకుపోయారు. నేను మాత్రం మూట కట్టుకొని పగటిపూటే ఊరి నడిమధ్యగా బండి తోలుకుంటూ గనులకు పోయాను. మొదట్లో పెనుకొండ టీ అంగళ్ళ దగ్గర మగవాళ్ళు గ్లాసులు చేతిలో పట్టుకొని లేచి నిలబడి చూసేవాళ్ళు. "ఏమప్పా, ఇది ఆడదా మగోడా" అని ఒకడు అంటే, "యముడప్పా, దారియ్యి" అని నేను అన్న మాట ఆ ఊళ్ళో చాలా కాలం చెప్పుకున్నారు. రోజూ కట్టుకొనే చీరలు, పండగ చీరలు కాలనీలో బాగానే పోయేవి. చిక్కంతా పెళ్ళిచీర దగ్గర వచ్చింది.

మా పక్క ఒక ఆచారం ఉండేది. పెళ్ళిచీర అమ్మేవాళ్ళ ఇంటి దేవుని గూట్లో ఒక పూట ఉంచి, కొంగు కొసకు పసుపు అద్ది, ముత్తైదువ చేతికి ఇస్తారు. ఆమె దాన్ని నేలమీద పెట్టకుండా, చేయి మారకుండా తీసుకుపోయి పెళ్ళికూతురి ఇంట్లో మరో ముత్తైదువ చేతిలో పెట్టాలి. మధ్యలో విధవ చేయి తగలకూడదు. తగిలితే ఆ పిల్ల పసుపుకుంకాలకు ముప్పు అని నమ్మకం. మా ఆయన ఉన్నప్పుడు ఆ చీరలను నేనే ఒళ్ళో పెట్టుకొని తీసుకుపోయేదాన్ని, కాబట్టి ఆ ఆచారంలోని ముల్లు నాకు ఎప్పుడూ గుచ్చుకోలేదు. తనదాకా వస్తే గాని తెలియదంటారే, అదీ.

గని మేస్త్రీ ఇంటి నుంచి కబురు వచ్చింది. ఆయన కూతురి పెళ్ళి, చీర మా మగ్గం మీదిదే కావాలన్నారు. మేస్త్రీ అంటే ఆ కాలనీలో అందరికీ పెద్ద, ఆయన ఇంట్లో పెళ్ళికి మా చీర కడితే కాలనీలో పెళ్ళిళ్ళన్నీ మాకే వస్తాయి. అప్పటికే మా నాయనకు చూపు తగ్గింది. నేను ధర్మవరం పోయి, గుంత మగ్గంలో కూర్చొని ఆ చీర నేశాను. అరిటాకు పచ్చ ఒళ్ళు, కుంకుమరంగు అంచు. నేయడం కంటే ముందు అచ్చు అతకడం అని ఒక పని ఉంది. పాత పోగుల కొసలకు కొత్త పోగులను, వేళ్ళకు బూడిద అద్దుకొని, ఒక్కొక్కటే మెలిపెట్టి కలుపుకుంటూ పోవాలి, వేల పోగులు, మెడలు విరిగిపోతాయి. మా వీధిలో ఆ పని చేసేవాళ్ళలో సగం మంది మొగుడు పోయినవాళ్ళే, ఇంట్లో కూర్చొని చేసుకునే పని అది ఒక్కటే కాబట్టి. ధర్మవరంలో పుట్టిన ఏ పెళ్ళిచీరైనా విధవల వేళ్ళ మధ్యనుంచి రాకుండా బయటికి పోదు. అది అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

చీర హిందూపురం తెచ్చాక మా అత్త తీర్పు చెప్పింది. ఆమె కూడా నాలాగే మొగుడు లేనిదే, అయినా ఆచారం దగ్గర ఇనుపగుండు. చీరను మా ఆడబిడ్డ, అంటే మా ఆయన అక్క, మోయాలి. నేను బండి మాత్రం తోలాలి, చీరవైపు చేయి చాపకూడదు. చీర తిరిగి వచ్చిందా, బండి అమ్మేసి ఇంట్లో కూర్చోవాలి, కొడుకును చూసుకోవాలి, ఊరి నోట్లో పడి తిరిగింది చాలు. అన్నీ అని చివర, "నేనూ కూచున్నా గదా, నేను సచ్చిపోతినా" అంది. ఆ మాటకు నాకు కోపం రాలేదు, ఏడుపు వచ్చింది. కూర్చోవడం అంటే ఏమిటో ఆమెను చూస్తూనే నాకు తెలిసింది కాబట్టి, ఆ చీర ఎట్లాగైనా గనుల్లో దిగాలని మనసులో గట్టిగా అనుకున్నాను.

మా వదినె నిండు మనిషి. ఇంత బొట్టు, చేతులనిండా గాజులు, తలనిండా పూలు. ఆమె బండి ఎక్కడం, తెల్లగుడ్డలో చుట్టిన చీరను గుండెకు హత్తుకొని కూర్చోవడం చూడడానికి మా వీధి వీధంతా గడపల్లోకి వచ్చింది. సోమందేపల్లి దాకా దేవుళ్ళ పేర్లు చదివింది. పెనుకొండలో కొండ కింద ఆపి సోడా తాగించాను. హైవే ఎక్కి లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే దేవుళ్ళను వదిలేసి నన్ను తిట్టడం మొదలుపెట్టింది. ఒక లారీ గాలికి ఆమె తలలో పూలు ఎగిరిపోయాయి. ఎన్.ఎస్. గేటు దగ్గర రామగిరి దారి చీలుతుంది, అక్కడ ఆపమని నా వీపు మీద గుద్దింది. ఎదురుగా హిందూపురం బస్సు నిలబడి ఉంది.

"నేను పోతాండా. నాకొద్దు తల్లీ ఈ సావు. నేను సస్తే నా మొగుడు నెలకే ఇంకోదాన్ని కట్టుకుంటాడు" అంది. "పోతే పసుపుకుంకాలతో పోతావులే వదినె, పుణ్యముంటాది" అన్నాను నేను, నవ్వు ఆపుకోలేక. ఆమెకు నవ్వు రాలేదు. నిజంగానే వణుకుతోంది పాపం. చీరను బండి సీటుమీద పెట్టి, నా చెవిదగ్గర నోరు పెట్టి, "ఆడ ఎవరన్నా ముత్తైదువను పిలిచి ఆమె చేత ఇప్పియ్యి. నేను వాకిటిదాకా వచ్చి పోయినానని చెప్పు. ఎవురికి తెలుస్తాది?" అని చెప్పి బస్సెక్కేసింది. బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. రోడ్డు పక్కన నేను, బండి, సీటుమీద ముట్టుకోకూడని చీర.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకుంటూ చీర తీసుకొని ఒళ్ళో పెట్టుకొని, కొంగుతో నడుముకు గట్టిగా కట్టుకున్నాను. రామగిరి దారి మీకు తెలిస్తే తెలుస్తుంది, ఎర్రమట్టి, రాళ్ళ గుట్టలు, దొరల కాలంలోనూ అంతకు ముందు ఎవరెవరి కాలంలోనో బంగారం కోసం తవ్వి వదిలేసిన గుంతలు. వాన పడిన మర్నాడు ఆ పక్క వంకల్లో ఆడవాళ్ళు కొయ్యతట్టల్లో ఇసుక కడిగేవాళ్ళు, ఆవగింజంత బంగారు నలుసు దొరుకుతుందేమోనని. ఆ రోజూ ఒకామె వంకలో కడుగుతూ కనిపించింది. నొసట బొట్టు ఉంది. వదినె చెప్పిన మాట గుర్తుకు వచ్చి బండి ఆపాను. ఆమెను వెనక కూర్చోబెట్టుకొని పోతే, చీర ఆమె చేతిలో పెడితే, ఎవరికీ అనుమానం రాదు.

ఆమె తలెత్తి, "యాడికమ్మా?" అని అడిగింది. "పెళ్ళింటికి" అన్నాను. అడగవలసిన మాట గొంతు దాకా వచ్చింది. ఆమె చేతులు చూశాను, నీళ్ళలో నాని తెల్లబడిపోయి ఉన్నాయి. నా చేతులు చూసుకున్నాను, వేళ్ళ సందుల్లో ఇంకా అచ్చు అతికిన బూడిద మరక పోలేదు. నాకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది. నేను మెడలు విరుచుకొని నేసిన చీరను, నా బిడ్డకు అన్నం పెట్టే చీరను, దొంగసొమ్ములాగా ఇంకొకరి చేతి కింద దాచి లోపలికి పంపాలా? పంపితే ఈ ఒక్కసారి గడుస్తుంది. మళ్ళీ పెళ్ళికి మళ్ళీ ఒక ముత్తైదువను వెతుక్కోవాలి, బతికినంతకాలం నా వెనక ఎవరినో ఒకరిని కూర్చోబెట్టుకొని నేను లేనట్టు నటించాలి. ఏమీ అడగకుండానే బండి కదిలించాను.

మేస్త్రీ ఇంటి ముందు కొబ్బరి మట్టల పందిరి, మామిడాకుల తోరణాలు, ఆడవాళ్ళు గుంపుగా పసుపు దంచుతున్నారు. దూరంగా గని నోటిమీద ఇనుప గోపురం, దాని పక్కన బంగారం తీయగా మిగిలిన తెల్లమట్టి దిబ్బలు. పెళ్ళికూతురి తల్లి ఎదురొచ్చి నా వెనక చూసింది, బండి అవతల చూసింది. "మీ ఆడబిడ్డ యాడమ్మా?" అంది. బస్సెక్కి ఇంటికి పోయిందనీ, చీర నేనే తెచ్చాననీ చెప్పాను. రోకళ్ళు ఆగిపోయాయి. ఆమె మంచి మనిషే, కానీ ముఖం పాలిపోయింది. చీరను పందిట్లోని మంచం మీద పెట్టమని సైగ చేసింది. పెట్టాను. ఒక ముత్తైదువ చెంబుతో పసుపునీళ్ళు తెచ్చింది, చీరమీద చల్లి శుద్ధి చేసి తీసుకుపోదామని.

నేను ఒక్క అంగలో పోయి చీరను మళ్ళీ చేతుల్లోకి తీసుకున్నాను. "నీళ్ళు పడితే జరీ నల్లబడుతాదమ్మా" అన్నాను మొదట, అదీ నిజమే. తర్వాత నా నోరు నా మాట వినలేదు. "దీంట్లో ఒక్కొక్క పోగూ నేను అతికిందే, ఒక్కొక్క జానా నేను నేసిందే. మైలంటూ ఉంటే కొంగు నుంచి కొసదాకా ఉండాది. మీ చెంబు చాలదు. నీళ్ళు చల్లి తీసుకునేట్టయితే నేను తీసుకపోతా" అన్నాను. తీసుకపోతే ఇంటి దగ్గర బండి కొనేవాడు కాచుకొని ఉంటాడు. తెల్లవారితే ముహూర్తం, ఇంకో చీర తేవడానికి వాళ్ళకూ వేళ లేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు గానీ, ఆ పందిట్లో మొండిగా నిలబడ్డ నాకు ఆ క్షణాన నా అంత దిక్కులేనిది లేదనిపించింది.

అప్పుడు ఇంటి వెనక నుంచి పెళ్ళికూతురి అవ్వ వచ్చింది, మేస్త్రీ తల్లి. ఎండిన పుల్లలాంటి మనిషి, తెల్లచీర. మొగుడు లేనిది కాబట్టి పెళ్ళి పొద్దుల్లో ముందరికి రాకుండా దొడ్లో కూర్చోబెట్టారు. "నువ్వు యాడికొస్తాండావు, లోపలుండు" అని కొడుకు అరుస్తున్నా వినకుండా, పసుపు రోళ్ళ మధ్యనుంచి నడిచి నా ముందుకు వచ్చింది. వచ్చి అందరినీ ఒక చూపు చూసింది.

"మీ నాయన ఈ కొండ కింద దిగినోడు పైకి రాలేదు" అంది కొడుకుతో. "ఆయన తవ్విన బంగారం ఎన్ని తాళిబొట్లయిందో, ఎవరెవరి మెడల్లో ఉండాదో. దానిమీద ఎవురన్నా నీళ్ళు చల్లినారా? సచ్చినోడు తవ్విన బంగారం మంచిదంట, బతికుండేది నేసిన చీర చెడ్డదంట. యాడి న్యాయమప్పా ఇది?" అని, నావైపు తిరిగి రెండు చేతులూ చాచింది. "తే తల్లీ ఇట్ల." విధవ చేతిలోంచి విధవ చేతిలోకి ఆ పెళ్ళిచీర పోయింది. ఆమె దాన్ని పందిట్లోనే విప్పి, తలుపు చాటున ఉన్న మనవరాలిని చేయి పట్టి లాక్కొచ్చి, దాని భుజం మీద వేసి, ఇంత దూరం జరిగి చూసింది. "బాగుండాది" అంది. అంతే. నేను అక్కడే, అందరి ముందర, గట్టిగా ఏడ్చేశాను.

అందరూ మారిపోయారని చెప్పను, అబద్ధమవుతుంది. ఆ పెళ్ళిలో కొందరు నాతో మాట్లాడలేదు, ఒకామె భోజనాల దగ్గర నా పక్క ఆకు వదిలేసి లేచిపోయింది. ఆ తర్వాత కూడా కాలనీలో కొందరు పెళ్ళిచీర నా దగ్గర తీసుకున్నారు, కొందరు తీసుకోలేదు. కానీ అవ్వ నన్ను తన పక్కన కూర్చోబెట్టుకొని, తలంబ్రాలు పడేదాకా ముందు వరసలోంచి లేవలేదు, నన్ను లేవనివ్వలేదు. ఇంటికి వచ్చేసరికి మా అత్త గడపలో కూర్చొని ఉంది. వదినె ముందే వచ్చి తాను దారిలో దిగిపోయిన సంగతి చెప్పినట్టుంది. ఖాళీ చేతులతో బండి దిగిన నన్ను ఎగాదిగా చూసి, అన్నం తిన్నావా అని మాత్రం అడిగింది. బండి మాట మళ్ళీ ఎత్తలేదు. పెళ్ళిచీరను మోయడానికి మా ఇంటి నుంచి ఏ ముత్తైదువా మళ్ళీ నా బండి ఎక్కలేదు.

ఇవన్నీ తలచుకుంటూ పోతుంటే పెనుకొండ వచ్చేసింది. ఇప్పుడా హైవే ఎంత వెడల్పో, కార్ల ఫ్యాక్టరీ బస్సులు ఎన్నో! ఎవరూ నన్ను లేచి నిలబడి చూడలేదు. ఆడపిల్లలు బండ్లమీద అటూ ఇటూ పోతూనే ఉన్నారు, నేనూ వాళ్ళలో ఒకదాన్ని, కొంచెం నెమ్మదిదాన్ని. గేటు దగ్గర ధర్మవరం దారి పట్టకుండా రామగిరి వైపే తిప్పాను. కొండలమీద గాలిమరలు తిరుగుతున్నాయి. గనులు మూసేసి ఏళ్ళయింది. కాలనీలో పైకప్పులు లేవు, గోడల మధ్య తుమ్మచెట్లు మొలిచాయి, మేస్త్రీ ఇల్లు ఏదో కనిపెట్టడమే కష్టమైంది. మేకలు మేపుకుంటున్న ఒకాయన, "ఆ ఇంటోళ్ళా? ముసలామె ఎప్పుడో పోయె, మిగతావాళ్ళు ఎవురు యాడికి పోయినారో ఎవురికి తెలుసమ్మా" అన్నాడు. పందిరి వేసిన చోటు ఇదే అయ్యుండాలి అనుకొని కొంచెంసేపు నిలబడి, ధర్మవరం పోయాను. తమ్ముడు చీర నా ఒళ్ళో పెట్టి, "మీ ఇంట్లో ఫోను మీద ఫోను చేస్తాండారు, ఏం జేసినావే అక్కా" అని నవ్వాడు. దాన్ని అదే పద్ధతిలో నడుముకు కట్టుకొని తిరిగి వచ్చి, ఎవరి చేతికీ ఇవ్వకుండా నా బీరువాలో పెట్టాను.

నిన్న సాయంత్రం మనవరాలు బెంగుళూరు నుంచి దిగింది. నేను బీరువా తీసి, చీర రెండు చేతుల్లో పట్టుకొని దానికి చాచాను. దాని ముఖం వెలిగిపోయింది, చేయి ముందుకు వచ్చింది. అంతలో వెనకనుంచి మా కోడలు, "ఆగు" అంది. గట్టిగా కూడా అనలేదు. పిల్ల చేయి గాలిలో ఆగిపోయింది. పెద్ద చదువులు చదివిన పిల్ల, ఒంటరిగా విమానాలెక్కి తిరిగే పిల్ల, చిన్నప్పుడు నా బండి ట్యాంకుమీద కూర్చొని ఇంకా జోరుగా పోనీ అవ్వా అని కేకలు పెట్టిన పిల్ల. వాళ్ళమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది, "అవ్వా, నాకేం పట్టింపు లేదు, కానీ ఎందుకులే గొడవ" అని చేయి వెనక్కి తీసుకుంది.

నాకు కోపం రాలేదంటే మీరు నమ్మరు. నాకు మేస్త్రీ ఇంటి అవ్వ కావాలనిపించింది. అక్షరం ముక్క రాని మనిషి, గనుల కాలనీ దాటి ఎక్కడికీ పోని మనిషి, ఎవరు ఆగమన్నా ఆగకుండా రోళ్ళమధ్య నడిచివచ్చి చేతులు చాచింది. దారులు బాగుపడ్డాయి, బండ్లు మెత్తబడ్డాయి, మా ఆడపిల్లలు ఎక్కడెక్కడికో పోయి వస్తున్నారు, చాలా సంతోషం. ఆ చేతులు మాత్రం ఏ కొండ కింద తవ్వితే మళ్ళీ దొరుకుతాయో నాకు తెలియదు. ఎల్లుండి ముహూర్తం. పిల్లకు నేను ఒకటే చెప్పాను, చీర నా బీరువాలో ఉంటుంది, తాళంచెవి నా మొలలో ఉంటుంది, కట్టుకోవాలంటే నా దగ్గరికి వచ్చి నా చేతిలోంచే తీసుకోవాలి. రాత్రి నిద్రపోయే ముందు అది రెండుసార్లు నా గది వాకిట్లోకి వచ్చి నిలబడి పోయింది. నేను పిలవలేదు. లోపలికి రావలసింది అదే.